ఆటోమేటిక్ గేర్‌బాక్స్: నమ్మకం కాదు, కొలత కావాలి

డల్లస్‌లో స్థిరపడిన మా పెద్దమ్మ కొడుకు ఇంటికి వెళ్ళినప్పుడు, ఒక సాయంత్రం అన్నయ్య నన్ను ఊరికి దక్షిణాన ఉన్న ఎన్నిస్ అనే చిన్న పట్టణానికి తీసుకెళ్ళాడు. అక్కడ టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ అనే డ్రాగ్ రేసింగ్ ట్రాక్ ఉంది. "ఫిజిక్స్ చదివావుగా, ఇది చూడాలి నువ్వు" అన్నాడు. కార్లు నిలిపిన చోట అరవై దాటిన ఒక పెద్దాయన తన పాత షెవర్లే బానెట్ ఎత్తి, గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ బయటికి లాగాడు. ఒక చుక్క ఆయిల్ తెల్ల కాగితం మీద వేశాడు. రంగు చూశాడు, వాసన చూశాడు. తర్వాత మీటర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత చూసి నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

ఈ గేర్‌బాక్స్‌లో ఎన్ని గేర్లు అని అడిగాను. రెండు అన్నాడు.

హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉన్న మామూలు కారుకే ఆరు గేర్లు. రేసు కారుకు రెండేనా అని నవ్వొచ్చింది. ఆయన నోటు పుస్తకంలో పేజీలు తిప్పి చూపించాక ఆ నవ్వు ఆగిపోయింది. తేదీ, గాలి వేడి, ఆయిల్ వేడి, ఇంజన్ వేగం, పట్టిన సమయం అన్నీ వరసగా రాసి ఉన్నాయి. ఎమ్మెస్సీలో మా ల్యాబ్ రికార్డులు కూడా అంత శుభ్రంగా ఉండేవి కావు.

డ్రాగ్ రేసింగ్‌కు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను ఎలా ఎంచుకుంటారు, ఎలా కాపాడుకుంటారు అన్నది అమెరికాలో కొద్దిమంది అభిరుచికి సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. నా దృష్టిలో అది అంతకంటే పెద్ద సంగతి. ఒక యంత్రాన్ని నమ్మకం మీద వదిలేయకుండా కొలత మీద నడపడం ఎలాగో ఆ ట్రాక్ చూపిస్తుంది. ఆటోమేటిక్ కార్లకు వేగంగా అలవాటు పడుతున్న మన దేశంలో సరిగ్గా ఆ అలవాటే లోపించింది.

వేగం కంటే నిలకడ

డ్రాగ్ రేసు అంటే నిలిచి ఉన్న చోటి నుంచి తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు పరుగెత్తడం. అమెరికాలో ఈ ఆటకు పెద్ద దిక్కయిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను 1951లో వాలీ పార్క్స్ స్థాపించాడు. టాప్ ఫ్యూయెల్ అనే అత్యంత వేగవంతమైన తరగతి కార్లలో మనకు తెలిసిన గేర్‌బాక్సే ఉండదు. వాటిలో దశలవారీగా పట్టుకునే క్లచ్ ఇంజన్ శక్తిని నేరుగా వెనక చక్రాలకు అందిస్తుంది. 2008లో స్కాట్ కాలిట్టా అనే డ్రైవర్ మరణించాక ఆ తరగతి పరుగును వెయ్యి అడుగులకు, అంటే 305 మీటర్లకు కుదించారు.

మన కథ వాటి గురించి కాదు. ఉద్యోగాలు చేసుకుంటూ, సొంత షెడ్డులో కారు బాగుచేసుకుంటూ, సెలవు రోజున ట్రాక్‌కు వచ్చే మామూలు మనుషుల గురించి. వాళ్ళలో ఎక్కువమంది ఆడేది బ్రాకెట్ రేసింగ్. ఇందులో డ్రైవర్ తన కారు ఎంత సమయంలో గమ్యం చేరుతుందో ముందే ప్రకటించాలి. ఇద్దరిలో నిదానమైన కారుకు ఆ తేడా మేరకు ముందుగా బయల్దేరే అవకాశం ఇస్తారు. చెప్పిన సమయం కంటే తక్కువలో చేరితే, అంటే చెప్పినదానికంటే వేగంగా వెళ్తే, ఓడినట్టే.

ఈ నియమంలోని అందం చూడండి. ఇక్కడ గెలిపించేది గరిష్ఠ వేగం కాదు, ముందుగా చెప్పిన లెక్కకు కట్టుబడగలగడం. పది సెకన్ల పరుగులో సెకనులో వందో వంతు తేడా కూడా ఫలితాన్ని తారుమారు చేస్తుంది. ఒక ప్రయోగాన్ని ఎన్నిసార్లు చేసినా ఒకే ఫలితం రావాలని సైన్సులో కోరుకుంటాం. బ్రాకెట్ రేసర్ కోరుకునేదీ అదే. చేత్తో గేరు మార్చే మనిషి ప్రతిసారీ ఒకేలా మార్చలేడు. ఆటోమేటిక్ మార్చగలదు. అందుకే ఈ ఆటలో ఆటోమేటిక్‌కు అంత ఆదరణ.

కవ్వం, మజ్జిగ, టార్క్ కన్వర్టర్

గేర్‌బాక్స్ ఎంపిక అర్థం కావాలంటే ముందు టార్క్ కన్వర్టర్ అర్థం కావాలి. జర్మన్ ఇంజనీర్ హెర్మన్ ఫోటింగర్ 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో ఆయన ఆలోచన కార్ల కోసం కాదు, ఓడలో వేగంగా తిరిగే ఆవిరి టర్బైన్‌ను నిదానంగా తిరగాల్సిన ప్రొపెల్లర్‌కు కలపడం కోసం. కార్లలో పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెద్ద ఎత్తున అమ్మకానికి వచ్చింది 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో. దాని పేరు హైడ్రామాటిక్. అందులో ఉన్నది ఆయిల్‌తో పనిచేసే సాదా కప్లింగ్. టార్క్‌ను పెంచే కన్వర్టర్లు అమెరికన్ కార్లలోకి ఆ తర్వాత వచ్చాయి.

కన్వర్టర్ లోపల రెక్కలున్న మూడు భాగాలు ఉంటాయి. ఇంజన్‌తో తిరిగే మొదటిది ఆయిల్‌ను చిమ్ముతుంది. గేర్‌బాక్స్‌కు కలిసిన రెండోది ఆ ఆయిల్ తాకిడికి తిరుగుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న మూడోది, స్టేటర్, తిరిగి వచ్చే ఆయిల్ దారి మళ్ళించి మళ్ళీ మొదటి రెక్కలకు సాయంగా పంపుతుంది. అందువల్ల కారు కదలడం మొదలయ్యే క్షణంలో ఇంజన్ ఇచ్చే తిప్పుడు బలం, అంటే టార్క్, దాదాపు రెట్టింపై గేర్లకు చేరుతుంది.

ఇంజన్ గట్టిగా తిరుగుతున్నా కారు కదలకుండా పట్టి ఉంచితే ఏమవుతుంది? రెండో భాగం ఆగి ఉంటుంది, మొదటిది ఆయిల్‌ను చిలుకుతూ ఉంటుంది. ఇంజన్ ఇక అంతకు మించి తిరగలేని ఒక వేగం దగ్గర ఆగుతుంది. దాన్ని స్టాల్ స్పీడ్ అంటారు. డ్రాగ్ కార్లలో ట్రాన్స్‌బ్రేక్ అనే ఏర్పాటు మొదటి గేరునూ రివర్స్ గేరునూ ఒకేసారి పట్టించి గేర్‌బాక్స్‌ను బిగించేస్తుంది. పచ్చ దీపం వెలగగానే డ్రైవర్ బటన్ వదులుతాడు, రివర్స్ విడిపోతుంది, కారు దూకుతుంది.

ఎంపికలో మొదటి ప్రశ్న: ఎన్ని గేర్లు?

ఆ పెద్దాయన వాడుతున్నది పవర్‌గ్లైడ్. జనరల్ మోటార్స్ 1950 నుంచి 1973 వరకు షెవర్లే కార్లలో పెట్టిన రెండు గేర్ల ఆటోమేటిక్. 1962లో దీనికి తేలికైన అల్యూమినియం కేసు వచ్చింది. రేసింగ్‌లో అందరికీ తెలిసిన దాని మొదటి గేరు నిష్పత్తి 1.76, రెండోది 1. దీనికి పోటీగా నిలిచేది 1964లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 400. దానివి మూడు గేర్లు: 2.48, 1.48, 1. క్రైస్లర్ అభిమానులు 1962 నాటి టార్క్‌ఫ్లైట్ 727ను వాడతారు. దాని నిష్పత్తులు 2.45, 1.45, 1.

మూడు గేర్లు ఉంటే రెండిటికంటే మెరుగే కదా అనిపిస్తుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. కారు బరువు 1400 కిలోలు. వెనక ఇరుసు నిష్పత్తి 4.1, చక్రం వ్యాసార్ధం 0.35 మీటర్లు, కన్వర్టర్ టార్క్‌ను రెట్టింపు చేస్తోంది అనుకుందాం. రేసింగ్ టైరుకు ఘర్షణ గుణకం 1.5 అనీ, బయల్దేరేటప్పుడు బరువంతా వెనక చక్రాల మీదే పడుతోందనీ అనుకుంటే, నేల పట్టు గరిష్ఠంగా 20,600 న్యూటన్లు. అంతకు మించిన బలం టైరును జారిస్తుంది తప్ప కారును ముందుకు నెట్టదు.

ఇంజన్ టార్క్ 600 న్యూటన్ మీటర్లు అయితే, నష్టాలు వదిలేసి చూస్తే, పవర్‌గ్లైడ్ మొదటి గేరులో చక్రం దగ్గర సుమారు 24,700 న్యూటన్లు వస్తాయి. టర్బో 400తో 34,900. నేల తట్టుకోగలిగింది 20,600 మాత్రమే. అంటే రెండు గేర్ల పెట్టె ఇచ్చే బలమే ఎక్కువ. మూడో గేరు తెచ్చే అదనపు బలం టైరు పొగగా పోతుంది. పైగా గేరు మారే ప్రతిసారీ క్లచ్ ప్లేట్ల మీద ఒత్తిడి, టైరు పట్టు కోల్పోయే ప్రమాదం, సమయంలో తేడా వచ్చే అవకాశం. రెండు గేర్ల పెట్టెలో ఒక్కసారే మార్పు. తిరిగే భాగాలు తక్కువ, కాబట్టి అవి మింగే శక్తీ తక్కువ.

ఇప్పుడు అదే కారులో 350 న్యూటన్ మీటర్ల చిన్న ఇంజన్ పెట్టండి. పవర్‌గ్లైడ్‌తో 14,400 న్యూటన్లే వస్తాయి. నేల ఇవ్వగల పట్టులో దాదాపు మూడో వంతు వాడుకోకుండానే మిగిలిపోతుంది. టర్బో 400తో 20,300 వస్తాయి, పట్టుకు సరిగ్గా సరిపోతుంది. అక్కడ మూడు గేర్లదే గెలుపు. బరువైన కారుకూ, కొద్దిపాటి వేగాల మధ్యే బలం చూపే ఇంజన్‌కూ కూడా అంతే.

కాబట్టి "ఏ గేర్‌బాక్స్ మంచిది" అనే ప్రశ్నకు అర్థం లేదు. ఏ బరువుకు, ఏ ఇంజన్‌కు, ఏ టైరుకు అన్నది చెప్పాకే ప్రశ్న పూర్తవుతుంది. మన దగ్గర షోరూములో "ఇందులో ఎన్ని గేర్లు" అని గేర్లు లెక్కపెట్టి మురిసిపోతాం. ట్రాక్ మీద లెక్క పెట్టేది నేల పట్టును.

రెండో ప్రశ్న: ఎంత కన్వర్టర్?

రేసర్లు గేర్‌బాక్స్ కంటే ఎక్కువ తల పట్టుకునేది కన్వర్టర్ దగ్గర. ఒకే నమూనా రెక్కలున్న కన్వర్టర్ మోయగల టార్క్, దాని వ్యాసం ఐదో ఘాతానికీ, తిరిగే వేగం వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. ఐదో ఘాతం అంటే మాటలు కాదు. 12 అంగుళాల మామూలు కన్వర్టర్ తీసి అదే నమూనాలో 8 అంగుళాలది పెడితే, అదే వేగం దగ్గర అది మోయగలిగేది ఏడున్నర రెట్లు తక్కువ. అదే టార్క్‌ను నిలువరించాలంటే ఇంజన్ దాదాపు 2.76 రెట్లు వేగంగా తిరగాలి. 1800 దగ్గర ఉన్న స్టాల్ స్పీడ్ దాదాపు 5000కు చేరుతుంది.

రేసు ఇంజన్ తన బలమంతా ఎక్కువ వేగం దగ్గరే చూపిస్తుంది కాబట్టి అది ఆ వేగం నుంచే బయల్దేరాలి. అందుకే చిన్న కన్వర్టర్. అలాగని మరీ వదులుగా ఉంటే గమ్యం దగ్గర కూడా జారుతూనే ఉండి వేగం పోతుంది, ఆయిల్ మరిగిపోతుంది. మరీ బిగుతుగా ఉంటే ఇంజన్ తన బలం చూపే వేగానికి చేరకముందే కారు నీరసంగా కదులుతుంది. అందుకే మంచి తయారీదారు ధర చెప్పేముందు కారు బరువు, ఇరుసు నిష్పత్తి, టైరు కొలత, ఇంజన్ టార్క్ వివరాలు అడుగుతాడు. అవేవీ అడగకుండా అమ్మేవాడి దగ్గర కొనకపోవడమే మేలు.

అసలు శత్రువు వేడి

జేమ్స్ జౌల్ 1840లలో నీళ్ళలో రెక్కల చక్రం తిప్పి, యాంత్రిక పని వేడిగా మారుతుందని కొలిచి చూపించాడు. ట్రాన్స్‌బ్రేక్ మీద నిలిచిన డ్రాగ్ కారు సరిగ్గా ఆ ప్రయోగమే చేస్తుంటుంది, కాకపోతే రాక్షస స్థాయిలో.

లెక్క చూద్దాం. ఇంజన్ 4000 వేగంతో 400 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోంది అంటే సుమారు 168 కిలోవాట్ల శక్తి. కారు కదలడం లేదు కాబట్టి అదంతా ఆయిల్‌లోకే పోవాలి. మూడు సెకన్లలో 500 కిలోజౌళ్ళు. కన్వర్టర్‌లో రెండున్నర కిలోల ఆయిల్ ఉందనుకుంటే, లోహం పీల్చుకునే వేడిని పక్కన పెడితే, ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీలు పెరుగుతుంది. మూడే మూడు సెకన్లలో!

మన వంటింట్లో బజ్జీలు వేసిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచితే ఏమవుతుందో తెలుసు. రంగు నల్లబడుతుంది, చిక్కబడుతుంది, కమురు వాసన వస్తుంది. గేర్‌బాక్స్ ఆయిల్‌కూ జరిగేది అదే ఆక్సీకరణం. ఉష్ణోగ్రత ప్రతి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో మోటు లెక్క. ఆ లెక్కన 80 డిగ్రీల దగ్గర ఉండాల్సిన ఆయిల్ 120 దగ్గర పనిచేస్తే పదహారు రెట్లు త్వరగా పాడవుతుంది. కచ్చితమైన అంకె అటూ ఇటూ కావచ్చు, దిశ మాత్రం అదే. ఆ ఆయిల్ కందెన మాత్రమే కాదు. క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేది దాని పీడనమే, కన్వర్టర్‌లో శక్తిని మోసేదీ అదే, వేడిని బయటికి తెచ్చేదీ అదే. ఆయిల్ పాడైతే ఈ మూడూ ఒకేసారి పాడవుతాయి.

అందుకే నిర్వహణలో మొదటి ఖర్చు వేడిని తగ్గించడం మీద పెట్టాలి. మంచి కూలర్, ఎక్కువ ఆయిల్ పట్టే లోతైన పాన్, కంటికి కనిపించే చోట ఉష్ణోగ్రత మీటర్. ట్రాన్స్‌బ్రేక్ మీద అనవసరంగా ఎక్కువసేపు నిలబడకపోవడం పైసా ఖర్చు లేని జాగ్రత్త. ఆయిల్ వేడి మారితే దాని చిక్కదనం మారుతుంది, కారు బయల్దేరే తీరూ మారుతుంది. తెలివైన రేసర్ ప్రతి పరుగుకూ ఆయిల్ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగుతాడు. ఆ పెద్దాయన పుస్తకంలో రాసుకున్నది అందుకే.

గేర్‌బాక్స్ ముందే చెబుతుంది

ఆటోమేటిక్ హఠాత్తుగా పోదు. చాలాసార్లు ముందే చెబుతుంది, వినేవాడు ఉండాలి.

ఆయిల్ ఎర్రగా, తేటగా ఉంటే మంచిది. గోధుమ రంగు, మాడు వాసన ఉంటే క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. గులాబీ రంగు పాలలా ఉంటే కూలర్ నుంచి నీళ్ళు కలుస్తున్నాయి. ఈ పాత గేర్‌బాక్స్‌లలో ఆయిల్ మట్టం చూడాల్సింది ఇంజన్ నడుస్తూ ఉండగా, ఆయిల్ వేడెక్కాక. ఇంజన్ ఆపి చూస్తే కన్వర్టర్ నుంచి దిగిన ఆయిల్ వల్ల తప్పు అంకె వస్తుంది. పాన్ విప్పినప్పుడు అడుగున సన్నటి బూడిద రంగు మడ్డి కొద్దిగా ఉండటం మామూలే. మెరిసే లోహపు ముక్కలు ఉంటే మాత్రం గేర్‌బాక్స్ దింపాల్సిందే. ఫిల్టర్ మార్చడం, బ్యాండ్ బిగింపు సరిచూడటం, ఆయిల్ పీడనాన్ని గేజి పెట్టి కొలవడం, కన్వర్టర్ బిగించేటప్పుడు అది పంపులో పూర్తిగా కూర్చుందో లేదో చూసుకోవడం అలవాటుగా జరగాలి. ఈ చివరిది మరిచిపోయి బలవంతంగా బోల్టులు బిగిస్తే కొత్త గేర్‌బాక్స్ పంపు మొదటి నిమిషంలోనే పగులుతుంది.

విప్పకుండా తెలుసుకునే దారి కూడా ఉంది. గమ్యం దగ్గర ఇంజన్ వేగం 7000, ఇరుసు నిష్పత్తి 4.1, చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లు, గేరు నిష్పత్తి 1 అనుకోండి. జారుడు ఏమీ లేకపోతే కారు గంటకు 225 కిలోమీటర్లు వెళ్ళాలి. ట్రాక్ పరికరం 209 చూపించింది అంటే 7 శాతం జారుతోంది. రేసింగ్ టైరు వేగంలో కాస్త ఉబ్బుతుంది కాబట్టి ఈ 7 అనే అంకెను కచ్చితమైనదిగా తీసుకోకూడదు. కానీ నెల తర్వాత అదే కారు, అదే లెక్కలో 10 శాతం చూపిస్తే ఏదో అరుగుతోందని అర్థం. అది కన్వర్టరా, క్లచ్ ప్లేట్లా అన్నది విప్పి చూడాలి. ఒక్క అంకె చెప్పేది తక్కువ. వరసగా రాసుకున్న అంకెల్లో వచ్చే మార్పు చాలా చెబుతుంది. నోటు పుస్తకం విలువ అక్కడ తెలుస్తుంది.

ఇది డబ్బు గొడవ మాత్రమే కాదు. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ అనే ప్రఖ్యాత రేసర్ కారులో రెండు గేర్ల గేర్‌బాక్స్ పేలిపోయింది. కారు రెండు ముక్కలైంది. ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. అప్పట్లో డ్రైవర్ ఇంజన్ వెనక, గేర్‌బాక్స్‌కు ఆనుకుని కూర్చునేవాడు. గార్లిట్స్ కోలుకుని ఇంజన్‌ను డ్రైవర్ వెనక్కి మార్చిన కారు తయారుచేసి 1971లో గెలిచాడు. చూస్తుండగానే ఆ తరగతి అంతా అదే దారి పట్టింది. తిరిగే డ్రమ్ము అంచు మీద పడే ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు. అందుకే నేడు వేగవంతమైన కార్లకు గేర్‌బాక్స్ చుట్టూ రక్షణ కవచం, పరీక్షకు నిలిచిన ఫ్లెక్స్‌ప్లేట్ తప్పనిసరి. పొరపాటున రివర్స్ పడకుండా తాళం, గేరులో ఉండగా స్టార్ట్ కాకుండా స్విచ్ కూడా ఉండాలి. ఇన్ని ఏర్పాట్ల మధ్య జరిగే ఆటను అర్ధరాత్రి పబ్లిక్ రోడ్డు మీద ఆడాలనుకునేవాళ్ళకు భౌతిక శాస్త్రం ఎలాంటి మినహాయింపూ ఇవ్వదు.

పాతదే బంగారమా?

పాత గేర్‌బాక్స్‌లను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. 2018లో డాడ్జ్ ఛాలెంజర్ డీమన్ అనే కారు కంపెనీ నుంచే ట్రాన్స్‌బ్రేక్‌తో వచ్చింది. దానికి ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. 840 హార్స్‌పవర్ ఉన్న ఆ బరువైన కారు పావు మైలును 9.65 సెకన్లలో దాటింది. నేల పట్టునూ ఇంజన్ బలాన్నీ కంప్యూటర్ క్షణక్షణం సరిచూస్తూ, గేర్లను రెప్పపాటులో మారుస్తుంటే ఎక్కువ గేర్లు కూడా పనికొస్తాయని అది రుజువు చేసింది. నా రెండు గేర్ల లెక్కకు అది సరైన జవాబే.

అయినా వారాంతపు రేసర్ పాత డిజైన్‌నే పట్టుకుని ఉండటం మొండితనం వల్ల కాదు. దాన్ని అతను తన షెడ్డులో విప్పగలడు, కొలవగలడు, భాగాలు విడిగా కొనగలడు, మళ్ళీ బిగించగలడు. ఈ రోజు పవర్‌గ్లైడ్ పేరుతో అమ్మే రేసింగ్ గేర్‌బాక్స్‌లలో కొన్నిటిలో అసలు జనరల్ మోటార్స్ తయారుచేసిన భాగం ఒక్కటి కూడా ఉండదు. కంపెనీ 1973లో వదిలేసిన డిజైన్‌ను వాడకందారులే బతికించి, గట్టిపరిచి, ముందుకు తీసుకెళ్ళారు. యంత్రం తెరిచి చూడటానికి వీలుగా ఉంటే దాని గురించిన జ్ఞానం జనంలో పెరుగుతుంది.

మన రోడ్ల మీద

మన దేశంలో 2014లో మారుతి సెలేరియోతో ఏఎంటీ వచ్చాక ఆటోమేటిక్ అన్నది మధ్యతరగతి మాటైంది. కానీ ఆ ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు యంత్రాలున్నాయి. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్‌నూ గేరునూ మీట వేసే యంత్రం తగిలించినది. సీవీటీలో గేర్ల బదులు వ్యాసం మారే కప్పీల మధ్య బెల్టు నడుస్తుంది. డీసీటీలో రెండు క్లచ్‌లు. నాలుగోది టార్క్ కన్వర్టర్. ఒకదాని ఆయిల్ మరొకదానికి విషం. తమ కారులో ఉన్నది వీటిలో ఏదో చెప్పగల యజమానులు నాకు తెలిసినవాళ్ళలో చాలా తక్కువ.

మా నాన్నగారు కొన్న పాత కారు టార్క్ కన్వర్టర్ రకం. గేర్లు మారేటప్పుడు కుదుపు మొదలైంది. ఒక సర్వీస్ సెంటర్‌లో అడిగితే "అది లైఫ్‌టైం ఆయిల్ సార్, ముట్టుకోనక్కర్లేదు" అన్నారు. ఎవరి లైఫ్‌టైం అని అడగాలని మాకు తోచలేదు. ఏడాది తర్వాత వేరే మెకానిక్ పాన్ విప్పితే డికాషన్ లాంటి ఆయిల్ కారింది. అప్పటికే ప్లేట్లు కాలిపోయాయి. ఆయిల్‌కు అయ్యే ఖర్చుకు ఎన్నో రెట్లు గేర్‌బాక్స్‌కు పెట్టాం.

మన కార్లు డ్రాగ్ రేసు ఆడవు, నిజమే. కానీ మే నెల ఎండలో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో హైదరాబాద్ అమీర్‌పేటలోనో గంటసేపు ఆగుతూ కదులుతూ పోయే కారులో కూడా కన్వర్టర్ ఆయిల్‌ను చిలుకుతూనే ఉంటుంది. చాలా కార్ల మాన్యువల్‌లో కఠిన పరిస్థితుల్లో నడిపేవారికి వేరే పట్టిక ఉంటుంది. మనలో ఎక్కువమంది నడిపేది ఆ పరిస్థితుల్లోనే, పాటించేది మాత్రం మామూలు పట్టిక.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. కంపెనీలు ఆయిల్ ఉష్ణోగ్రతను డ్యాష్‌బోర్డు మీద చూపించాలి. చాలా కార్లలో సెన్సర్ ఎలాగూ ఉంది, దాన్ని యజమాని కంటికి దాచడం ఎందుకు? లైఫ్‌టైం అని రాస్తే అది ఎన్ని కిలోమీటర్లో, ఏ వేడిలోనో అంకెల్లో రాయాలి. సర్వీస్ సెంటర్లు జాబ్ కార్డు మీద ఆయిల్ రంగు, స్థితి రాసి ఇవ్వాలి. ఇక మన వంతుగా, కారులో ఉన్నది ఏ రకం గేర్‌బాక్సో, దానికి ఏ ఆయిలో మాన్యువల్ తెరిచి చూసుకోవాలి. మార్చిన తేదీ, కిలోమీటర్లు ఓ చిన్న పుస్తకంలో రాసుకోవాలి.

ఆ సాయంత్రం ఎన్నిస్‌లో పెద్దాయన మొదటి రౌండు గెలిచి రెండో రౌండులో ఓడిపోయాడు. చెప్పిన సమయం కంటే రవ్వంత త్వరగా వెళ్ళాడట. తిరిగి వచ్చి, సీట్లోంచి దిగకముందే పుస్తకం తీసి ఆయిల్ ఉష్ణోగ్రత రాసుకున్నాడు. ముందు పరుగుకంటే అది కాస్త ఎక్కువగా ఉంది. "ఇంకాసేపు ఆగాల్సింది" అన్నాడు అన్నయ్యతో. అదృష్టం బాగోలేదు అనలేదు.